కూర్చుని తినే కోర్లు

ఎవరైనా ఖాళీగా కూర్చుంటే మనవాళ్లు చూస్తూ ఊరుకోలేరు. "ఊరికే కూర్చోకపోతే ఆ కందిపప్పులో రాళ్లు ఏరొచ్చుగా" అనే మాట చెవిన పడకుండా పెరిగిన పిల్లలు మా తరంలో లేరు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని సామెత కూడా సిద్ధంగా ఉంది. ఆ సామెతను కంప్యూటర్లకు అన్వయించే పెద్దమనుషుల మధ్య సాగుతోంది నా ఉద్యోగం. డేటాబేస్ సర్వర్లు చూసుకోవడం నా పని. సర్వర్ నెమ్మదించిందని ఫోన్ వస్తుంది. టాస్క్ మేనేజర్ తెరుస్తాను. కోర్‌కు ఒకటి చొప్పున చిన్న చిన్న గడులు కనిపిస్తాయి. నాలుగు గడుల్లో గీత కప్పుకు తగులుతూ ఉంటుంది. తక్కిన పన్నెండింటిలో నేల మీద పాకుతూ ఉంటుంది. వెనక నిలబడి చూస్తున్నాయన వేలు పెట్టి మరీ చూపిస్తాడు: "మరి వీటికేం రోగం?"

ప్రశ్న సబబే. కోర్ అంటే ప్రాసెసర్‌లో తన పని తాను చేసుకోగల భాగం. పదహారు కోర్లు డబ్బు పెట్టి కొన్నాం. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ లాంటి వాటికి 2012 వెర్షన్ నుంచి లైసెన్సు కూడా కోర్ల లెక్కన కట్టించుకుంటున్నారు. కాబట్టి పని చెయ్యని కోర్ నిజంగానే కూర్చుని తింటోంది. కరెంటు తింటోంది, లైసెన్సు సొమ్ము తింటోంది.

ఈ ప్రశ్నకు ఏళ్ల తరబడి జవాబు చెబుతూ వచ్చాక నాకు తోచింది ఇది: "ఎందుకు పని చెయ్యట్లేదు" అని అడిగినంతకాలం జవాబు చిక్కదు. "ఎవరు వద్దన్నారు" అని అడగాలి. అలా అడిగితే వద్దన్నవాళ్లు ముగ్గురు బయటపడతారు. ఒకటి కాగితం, రెండోది జాగ్రత్త, మూడోది నిజం. మొదటిదాన్ని మార్చుకోవచ్చు. రెండోదానితో బేరమాడవచ్చు. మూడోదాని ముందు మాత్రం ఎంతటి సర్వరైనా వరసలో నిలబడాల్సిందే.

కాగితం సంగతి ముందు చెబుతాను. ఎందుకంటే జనం అనుమానించేది దాన్ని అందరికంటే చివర.

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఉచితంగా ఇచ్చే ఎక్స్‌ప్రెస్ ఎడిషన్‌కు హద్దు ఒక సాకెట్ లేదా నాలుగు కోర్లు, ఏది తక్కువైతే అది. సొమ్ము పెట్టి కొనే స్టాండర్డ్ ఎడిషన్‌కు 2016 నుంచి 2022 వెర్షన్ దాకా హద్దు నాలుగు సాకెట్లు లేదా 24 కోర్లు, మళ్లీ ఏది తక్కువైతే అదే. ఒరాకిల్ వారి స్టాండర్డ్ ఎడిషన్ 2 అయితే ఏ క్షణాన చూసినా 16 త్రెడ్లకు మించి వాడదు. త్రెడ్ అంటే ప్రాసెసర్ మీద నడిచే ఒక్కో పని వరస. సాకెట్ అంటే మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ చిప్ కూర్చునే గూడు. ఆ "ఏది తక్కువైతే అది" అన్న మూడు మాటల్లోనే ఉంది తిరకాసంతా.

నేను చూసిన ఒక సంస్థలో నెలాఖరు బిల్లింగ్ తెల్లవారేదాకా సాగేది. వాళ్లది ఎస్‌క్యూఎల్ సర్వర్ స్టాండర్డ్ ఎడిషన్. సర్వర్ ఒక వర్చువల్ మెషిన్, అంటే అసలు యంత్రం లోపల ప్రోగ్రాంతో కట్టిన యంత్రం. ఎనిమిది కోర్లు ఇచ్చారు. సీపీయూ వాడకం 50 శాతం దగ్గర గీత గీసినట్టు నిలబడింది. బిల్లింగ్ ఆలస్యమవుతోందని కోర్లు పదహారు చేశారు. వాడకం 25 శాతానికి దిగింది. "లోడ్ సగానికి పడిపోయింది" అని మీటింగులో సంతోషించారు. బిల్లులు మాత్రం ఎప్పటిలాగే తెల్లవారుజామునే తయారయ్యాయి. సీపీయూ 80 శాతం దాటితే మోగాల్సిన అలారం ఒక్కసారి కూడా మోగలేదు. మోగే వీలే లేదు. పదహారులో నాలుగు కోర్లు ఊపిరాడకుండా పనిచేసినా మొత్తం మీద లెక్క 25 దగ్గరే ఆగుతుంది.

విషయమంతా సర్వర్ లేచిన ప్రతిసారీ తన లాగ్ ఫైలులో మొదటి పేజీలోనే రాసుకుంటోంది. దాన్ని తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది: పదహారు సాకెట్లు, సాకెట్‌కు ఒక్కో కోర్ కనిపించాయి, లైసెన్సు ప్రకారం నాలుగు లాజికల్ ప్రాసెసర్లు వాడుతున్నాను, ఇది సమాచారం కోసం మాత్రమే, మీరు చేయవలసింది ఏమీ లేదు. ఆ చివరి వాక్యం రాసినవాడికి దండం పెట్టాలి. ముప్పాతిక సర్వర్‌కు తాళం వేసి, మీరు చేయవలసింది ఏమీ లేదని అంత మర్యాదగా చెప్పడం అందరివల్లా కాదు. షెడ్యూలర్ల జాబితా అడిగితే ఇంకా స్పష్టంగా చెబుతుంది. నాలుగింటి ఎదురుగా విజిబుల్ ఆన్‌లైన్ అని, పన్నెండింటి ఎదురుగా విజిబుల్ ఆఫ్‌లైన్ అని ఉంటుంది. ఉన్నాయని తెలుసు, పనికి పిలవడానికి లేదు.

తమాషా ఏమిటంటే ఆ పదహారు సాకెట్లు భూమ్మీద ఎక్కడా లేవు. వర్చువల్ మెషిన్ తయారుచేసే ఫారంలో "సాకెట్‌కు ఎన్ని కోర్లు" అన్నచోట ఒకటి అని ఉంది. అది చాలాకాలం పాటు ముందే నింపి ఉండే అంకె కాబట్టి ఎవరూ ముట్టుకోలేదు. లేని సాకెట్లను లెక్కపెట్టి ఉన్న కోర్లను పక్కన పెట్టింది డేటాబేస్. మెషిన్ ఆపి, ఒకటి చెరిపి ఎనిమిది అని రాసి, రెండు సాకెట్లుగా చేసి లేపితే పదహారూ పనిలోకి దిగాయి. పైసా ఖర్చు లేదు.

ఈ హద్దు పెట్టినందుకు కంపెనీ మీద కోపగించుకోవడం నా ఉద్దేశం కాదు. అదే ప్రోగ్రాంను రెండు ధరలకు అమ్మాలంటే మధ్యలో ఎక్కడో కంచె వెయ్యాలి. చౌకది కొన్నవాడు కంచె ఒప్పుకునే కొన్నాడు. నా ఫిర్యాదల్లా చదవని మనమీదే. సర్వర్ మందగిస్తే మనం ముందు ఇండెక్సులను అనుమానిస్తాం, తర్వాత నెట్‌వర్కును, ఆ తర్వాత కొత్తగా చేరిన ప్రోగ్రామర్‌ను. ఒప్పందం మీదికి మాత్రం ఎవరి చూపూ పోదు. ఇంజనీర్లకు కాగితమంటే కొనుగోలు విభాగం వ్యవహారం. కొనుగోలు విభాగానికి సాకెట్ అంటే గోడకు ఉండేది. ఆ ఇద్దరి నడుమ పన్నెండు కోర్లు పడుకుంటాయి.

ఇక రెండోది జాగ్రత్త. లైసెన్సు అన్నీ వాడుకోమన్నా డేటాబేస్ తనంత తాను వెనక్కి తగ్గే సందర్భాలు ఇవి.

మామూలుగా ఒక క్వెరీ, అంటే డేటాబేస్‌ను అడిగే ఒక ప్రశ్న, ఒక కోర్ మీద నడుస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో ప్రాసెస్. 1986లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మొదలైన ఆ ప్రాజెక్టు వారసత్వంలో, ఒకే క్వెరీని పలు కోర్లకు పంచే వీలు 2016లో వచ్చిన 9.6 వెర్షన్‌తో గానీ రాలేదు. ఇప్పటికీ కదపకుండా వదిలేస్తే క్వెరీలో ఒక్కో సమాంతర భాగానికి ఇచ్చే సహాయకులు ఇద్దరే. మైఎస్‌క్యూఎల్‌లో ఒకటి రెండు ప్రత్యేకమైన పనులు తప్ప క్వెరీ అంతా ఒకే త్రెడ్. ఒక పెద్ద రిపోర్టు ఒక కోర్‌ను నిలువునా పిండుతుంటే మిగతా పదిహేనూ చోద్యం చూస్తుంటాయి. కొత్తగా చూసేవాళ్లకు అది లోపంలా ఉంటుంది. కానీ డేటాబేస్‌కు గిరాకీ ఒక్కరే కాదు. వంద మంది ఒకేసారి వస్తే ఆ వంద క్వెరీలూ వాటంతటవే అన్ని కోర్లకూ సర్దుకుంటాయి. ఒక్కరి రిపోర్టుకు అన్ని కోర్లూ ఇచ్చేస్తే, బిల్లు కట్టి వెళ్లిపోదామని వచ్చిన తొంభై తొమ్మిది మందీ ఆ రిపోర్టు అయ్యేదాకా నిలబడాలి.

పైగా పంచడం ఊరికే జరగదు. ఒక పనిని ఎనిమిది ముక్కలు చెయ్యాలి, ఎనిమిది చోట్లకు పంపాలి, వచ్చిన జవాబులను మళ్లీ ఒకటి చెయ్యాలి. ముక్కలు సమానంగా పడతాయన్న హామీ లేదు. ఖాతాదారుల వారీగా పంచితే, సగం వ్యాపారం ఒక్క ఖాతాదారుడిదే అయినచోట ఒక త్రెడ్ సగం పనిని మోస్తుంది. మిగతా ఏడూ చప్పున ముగించుకుని దానికోసం కాచుకుంటాయి. అప్పుడు మొత్తం పని అందరికంటే వెనకబడినవాడి వేగంతోనే ముగుస్తుంది. ఎంత పెద్ద పనైతే పంచాలో ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు చెప్పే సెట్టింగ్ ఒకటుంది. ముందే నింపి వచ్చే దాని విలువ ఇప్పటికీ 5. అది 1990ల నాటి యంత్రం మీద సెకన్లలో వేసిన అంచనాకు వారసత్వం. ఈనాటి సర్వర్‌కు అంతటి పని కనురెప్ప పాటు. అందుకే అనుభవమున్నవాళ్లు కొత్త సర్వర్ చేతికి రాగానే దాన్ని 50కో దరిదాపులకో పెంచుతారు. ఒక క్వెరీకి గరిష్ఠంగా ఎన్ని కోర్లు అన్న రెండో సెట్టింగ్‌ను ఎనిమిది లోపుకు దించుతారు. మరిన్ని కోర్లు కావాలని అడిగినవాడి ముందే, ఒక్కొక్కరికి ఇచ్చే కోర్లు తగ్గించి సర్వర్‌ను వేగిరపరచడం మా వృత్తిలో దొరికే చిన్న చిన్న సంతోషాల్లో ఒకటి.

ఖాళీ ఉండటం వల్ల లాభం ఎంతో చెప్పే గణితం కూడా ఉంది. కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ 1909లో క్యూల లెక్కలకు పునాది వేశాడు. ఆ బాటలో తర్వాత వచ్చిన మామూలు సూత్రం ప్రకారం, పనులు తోచినప్పుడు వచ్చిపడే ఒకే ఒక్క కోర్ సగం సమయం ఖాళీగా ఉంటే, కొత్తగా వచ్చిన పని సగటున తన పనికి పట్టేంత సేపు కాచుకోవాలి. ఆ కోర్ 90 శాతం తీరిక లేకుండా ఉంటే తొమ్మిదింతలు కాచుకోవాలి. కోర్లు పెరిగితే ఈ అంకెలు కాస్త మెత్తబడతాయి గానీ 100కు దగ్గరపడేకొద్దీ నిరీక్షణ ఆకాశానికి ఎగబాకడం మాత్రం తప్పదు. గ్రాఫులో నేల మీద పాకే గీత వృథాగా కనిపిస్తుంది. ఆ క్షణాన వచ్చిన క్వెరీకి అదే ఆహ్వానం. తీరిక లేని సర్వర్‌ను చూసి యజమాని సంతోషిస్తాడు, తీరిక ఉన్న సర్వర్ దగ్గరికి వచ్చి వాడుకరి సంతోషిస్తాడు. ఇద్దరినీ ఒకే సర్వర్‌తో మెప్పించడం కష్టం.

మూడోది నిజం. ఇక్కడికి వచ్చేసరికి సెట్టింగులు అయిపోతాయి.

ఉదయం పది గంటలకు ఏసీ తత్కాల్ తెరుచుకుంటుంది. హైదరాబాదు నుంచి విశాఖకు ఒకే బెర్తు మిగిలింది. అదే క్షణంలో వెయ్యి మంది నొక్కారు. సర్వర్‌లో వెయ్యి కోర్లు ఉన్నాయనే అనుకుందాం. వెయ్యి కోర్లూ ఒకేసారి చూసి, ఖాళీ ఉందని ఒకేసారి తేల్చి, ఒకేసారి అమ్మేస్తే వెయ్యి మంది ఒకే బెర్తు మీద కూర్చోవాలి. అలా జరగకూడదంటే ఒకరు చూసి, తీసుకుని, రాసేదాకా మిగతావాళ్లు ఆగాలి. ఆ ఆగడం పేరే లాక్. బెర్తు ఒకటే అన్న నిజాన్ని ఎన్ని కోర్లు పెట్టినా రెండు చెయ్యలేం.

బెర్తు సరే, అది అందరూ కోరుకునేది. ఎవరూ కోరుకోని చోట కూడా వరస తప్పదు. మార్పు జరిగిందని మాట ఇచ్చేముందు దాదాపు ప్రతి డేటాబేస్ దాన్ని ఒక చిట్టాలో వరసగా రాసుకుంటుంది. కరెంటు పోయి వస్తే ఏది జరిగింది, ఏది జరగలేదు అని తేల్చేది ఆ చిట్టానే. వరస తప్పితే దానికి విలువ లేదు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 2016 వెర్షన్ దాకా ఆ చిట్టాను డిస్కు మీదికి ఎక్కించే త్రెడ్ ఒకటే. అప్పుడు గరిష్ఠంగా నాలుగు చేశారు. అలాగే బిల్లు నంబర్లు ఒకటి తర్వాత ఒకటిగా పెరిగేచోట, కొత్త బిల్లులన్నీ టేబుల్ చివర ఉన్న ఒకే ఎనిమిది కిలోబైట్ల పేజీ మీద పడతాయి. రెండు వందల మంది రెండు వందల వేర్వేరు బిల్లులు రాస్తున్నారు. ఎవరి డేటాతో ఎవరికీ పేచీ లేదు. అయినా ఆ పేజీని ఒక్కసారికి ఒక్కరే పట్టుకోగలరు. కోర్లు పెంచితే అక్కడ తోపులాట పెరుగుతుంది.

ఐబీఎం సిస్టమ్ 360 రూపకర్తల్లో ఒకరైన జీన్ ఆమ్‌డాల్ 1967లో అట్లాంటిక్ సిటీ సదస్సులో ఈ సంగతే వాదించాడు. ఆ వాదనను తర్వాతివాళ్లు సూత్రంగా మలిచి ఆయన పేరే పెట్టారు. మొత్తం పనిలో పంచడానికి వీల్లేని భాగం పదో వంతు ఉందనుకుందాం. ఎనిమిది కోర్లు పెడితే వేగం 4.7 రెట్లు అవుతుంది. పదహారు పెడితే 6.4. అరవై నాలుగు పెడితే 8.8. కోటి కోర్లు పెట్టినా పది రెట్లు దాటదు. 1993లో నీల్ గంథర్ మరో మెట్టు దిగాడు. కోర్లు ఒకదాన్నొకటి సంప్రదించుకునే ఖర్చు కూడా కలిపితే, ఒక హద్దు దాటాక కోర్లు పెంచేకొద్దీ వేగం తగ్గుతుంది.

తిరుమల వెళ్లినవాళ్లకు ఈ సూత్రం కాళ్లకు తెలుసు. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో కంపార్టుమెంట్లు ఎన్నైనా కట్టవచ్చు. ఎన్ని కట్టినా బంగారు వాకిలి ఒకటే. కంపార్టుమెంట్లు పెంచితే కూర్చునే చోటు పెరుగుతుంది, దర్శనం త్వరగా కాదు. త్వరపడాలంటే ఆ ఒక్కచోట పట్టే సమయాన్ని తగ్గించాలి. అందుకే మహాలఘు దర్శనం వచ్చింది. జయవిజయుల దగ్గర నుంచే చూపించి పంపేస్తే గంటకు వెళ్లేవాళ్ల సంఖ్య పెరిగింది. దానికి చెల్లించిన మూల్యం దూరం. డేటాబేసులు చేసిందీ సరిగ్గా ఇదే. రాసేవాడు ముగించేదాకా చదివేవాడు ఆగనక్కర లేకుండా, ఒక్క క్షణం కిందటి ప్రతిని చూపించి పంపేస్తాయి. ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్ చాలాకాలం కిందటే ఈ దారి పట్టాయి. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2005లో ఈ సౌకర్యం ఇచ్చింది. రిపోర్టు చూసుకునేవాడికి ఆ దూరం చాలు. బ్యాంకు నిల్వ చూసి డబ్బు తియ్యాల్సినవాడికి మాత్రం గడప దాకా రాక తప్పదు. ఎవరిని ఎంత దూరంలో నిలబెట్టాలి అన్నదే డేటాబేస్ రూపకల్పనలో సగం చదువు.

2014లో ఎంఐటీ, కార్నెగీ మెలన్ పరిశోధకులు కలిసి 1024 కోర్ల యంత్రాన్ని సిమ్యులేటర్‌లో నిర్మించి, లావాదేవీలు ఒకదాన్నొకటి తొక్కుకోకుండా చూసే ఏడు పద్ధతులను దానిమీద నడిపించారు. ఏడింటిలో ఒక్కటి కూడా అంతదూరం నిలబడలేదు. కొన్ని లాకుల కోసం కాచుకుంటూ కూలబడ్డాయి. లాకులు వద్దనుకున్న కొన్నిటికి చిక్కు ఇంకా చిన్నచోట వచ్చింది. ప్రతి లావాదేవీకి వరస సంఖ్య ఇవ్వాలి. ఆ సంఖ్య ఉండేది మెమొరీలో ఒక్కచోట. దానికి ఒకటి కలపాలంటే ఏ కోర్ అయినా దాన్ని ముందు తన సొంత క్యాష్‌లోకి తెచ్చుకోవాలి. తెచ్చుకోగానే పక్క కోర్ లాక్కుంటుంది. వెయ్యి కోర్ల మధ్య ఆ ఒక్క అంకె చేతులు మారుతూ తిరుగుతుంది. కూడిక చెయ్యడానికి పట్టే కాలం లెక్కలోకి రాదు, ప్రయాణానికే అంతా చెల్లు. ముందెవరు, వెనకెవరు అని తేల్చడం ఇంత ఖరీదైన పని అని నాకు బాగా అర్థమైంది ఆ పరిశోధన చదివినప్పుడే.

ఈ ఖర్చు మామూలు సర్వర్‌లో కూడా తక్కువేం కాదు. 2008లో డేటాబేస్ పరిశోధకుడు స్టోన్‌బ్రేకర్ బృందం ఒక డేటాబేస్‌ను విప్పి, ఒక ఆర్డరు లావాదేవీలో ప్రాసెసర్ అమలుచేసిన ఆదేశాలు ఎక్కడెక్కడ ఖర్చయ్యాయో లెక్కగట్టింది. లాకులకు, వాటి చిన్న తమ్ముళ్లయిన లాచ్‌లకు కలిపి సుమారు 30 శాతం పోయింది. దాన్నుంచి వాళ్లు తీసుకున్న పాఠం వింతగా ఉంటుంది. డేటాను ముక్కలు చేసి ఒక్కో ముక్కను ఒక్కో కోర్‌కు రాసిచ్చేశారు. తన ముక్కలో ఒక్కో కోర్ ఒంటరిగా, ఒకదాని తర్వాత ఒకటిగా పని చేసుకుపోతుంది. వేరే ఎవరూ అడుగుపెట్టని చోట లాకుతో పనిలేదు. 2009లో ఇటలీలో సాన్‌ఫిలిప్పో మొదలుపెట్టిన రెడిస్ ఇంకా నిక్కచ్చి. ఆదేశాలన్నీ ఒకే త్రెడ్ మీద నడుపుతుంది. 2020లో వచ్చిన 6.0 వెర్షన్‌లో నెట్‌వర్క్ రాకపోకలకు అదనపు త్రెడ్లు ఇచ్చారు గానీ ఆదేశాల అమలు మాత్రం అదే ఒంటి దారి. పదహారు కోర్ల సర్వర్‌లో ఒక్క కోర్ మీద ఆదేశాలు నడుపుకుంటూ సెకనుకు లక్ష అభ్యర్థనలు తీర్చే రెడిస్‌ను చూస్తే, పంచుకోవడం చేతకాక ఒంటరిగా ఉండటానికీ, తగవులు వద్దని ఒంటరిగా ఉండటానికీ తేడా తెలుస్తుంది.

మరిన్ని కోర్లు కొంటామని నా దగ్గరికి వచ్చేవాళ్లకు నేను కాదని చెప్పను. ముందు సర్వర్ లాగ్ మొదటి పేజీ చదవమంటాను. అక్కడ అడ్డుపడింది కాగితమైతే కొనాల్సింది కోర్లు కాదు, సరిచెయ్యాల్సింది ఫారంలో అంకెనో ఎడిషన్‌నో. కాగితం శుభ్రంగా ఉంటే, క్వెరీలు దేనికోసం కాచుకుంటున్నాయో చూడమంటాను. ఖాళీ కోర్ కోసమే కాచుకుంటుంటే నిస్సంకోచంగా కొనండి. ఒకే వరస కోసం, ఒకే పేజీ కోసం, ఒకే లాక్ కోసం కాచుకుంటుంటే, కొత్తగా వచ్చే కోర్లు ఆ క్యూలో చివర నిలబడతాయి అంతే. అప్పుడు కూర్చోవాల్సింది బిల్లింగ్ ప్రోగ్రాం రాసినవాళ్లతో. ఏది నిజంగా ఒకరి తర్వాత ఒకరు చెయ్యాలి, ఏది అలవాటుకొద్దీ అలా చేస్తున్నాం అని తేల్చుకోవాలి. ఆ మాట వినగానే చాలామంది ముఖం చిన్నబోతుంది. ఆలోచించడం కంటే కోర్లు కొనడం సులువు, దానికి బడ్జెట్‌లో పద్దు కూడా ఉంటుంది. అయినా ఆ పని చేసినచోట్ల చూశాను. పాత కోర్లతోనే బిల్లింగ్ అర్ధరాత్రికి ముందే ముగిసింది, గ్రాఫులో ఖాళీ గడులు ఇంకా పెరిగాయి. ఈసారి వాటిని చూసి వేలు చూపించినవాళ్లు లేరు.